హాకీ తెలియని లాయరమ్మ, మా వాడి పదకొండు పేజీల అగ్రిమెంటు

నెల్లూరులో ఒక లాయరమ్మ ఆఫీసుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదోది కూడా ఇద్దామనుకునే ఆగిపోయా. కారణాలు రెండు, అందులో పెద్దది ఒక్క అంకె. అదేందో తర్వాత చెప్తా.

మాది కావలి దగ్గర. తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని వనామీ వేస్తుంటాను. లీజు కాగితాలు, మేత డీలరు అప్పు కాగితాలు, కొనేవాళ్ళ రేటు చీటీలు పదిహేనేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. అందుకే మా అక్క కొడుక్కి హాకీ అగ్రిమెంటు వచ్చిందనగానే "ఇటు తేరా, నేను చూస్తా" అన్నా. పదకొండు పేజీల ఇంగ్లీషు. మూడో పేజీ దాకా చదివి, "బాగానే ఉందిరా, నెలకి పన్నెండు వేలు స్టైపెండు ఇస్తారంట, పదిహేను అడుగుదాం" అని తేల్చేశా. అప్పుడు నాకు కనిపించింది ఆ పన్నెండు వేలు ఒక్కటే.

మా వాడు గోల్‌కీపరు. వయసు పదిహేడు. కావలిలో ఒక పీఈటీ సారు పుణ్యమా అని గ్రావెల్ నేల మీద, మొదట్లో క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని నేర్చుకున్నాడు. మా అక్క వాడి తొడల మీద కమిలిన మచ్చలు చూసి ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. నీలం టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద కాలు పెట్టింది టోర్నమెంటుకి బయటికి వెళ్ళినప్పుడే. అక్కడ వీడు రెండు పెనాల్టీ కార్నర్లు ఆపడం చూసి వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు క్లబ్బువాళ్ళు ఫోన్ చేశారు. ఆ క్లబ్బు పేరు రాయను. వాడు ఇప్పుడు తింటున్నది వాళ్ళ మెస్సులోనే.

ఈ ఆఫీసు సంగతి మేత డీలరు చెప్పాడు. ఆయనకి ఏదో పార్ట్‌నర్‌షిప్ గొడవలో ఈ మేడం కాగితాలు రాసిచ్చిందంట. నెల్లూరులో కింద జిరాక్స్ షాపు, పైన రెండో అంతస్తు. లిఫ్టు లేదు. బోర్డు ఎంత చిన్నదంటే రెండుసార్లు ముందు నుంచే పోయి కూడా చూడలేదు. వకీళ్ళు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉందని, బోర్డు కూడా అతి చేయకూడదని అక్కడే తెలిసింది. సాయంత్రం ఐదున్నర తర్వాతే కూర్చుంటారు, పగలంతా కోర్టు. వరండాలో ఒక బెంచీ, నాలుగు కుర్చీలు. మేము వెళ్ళిన రోజు పదకొండు మంది ఉన్నారు. గంటా నలభై నిమిషాలు నిలబడ్డాం. టోకెను పద్ధతి లేదు, జూనియర్ అబ్బాయి ముఖం గుర్తుపెట్టుకుని పిలుస్తాడు. ముసలివాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

కావలి నుంచి బస్సులో వస్తా వస్తా మావాడు నాకొక కథ చెప్పాడు. వాడు రోజూ ఫోన్లో ఐసు హాకీ గోలీల (గోల్‌కీపర్ల) వీడియోలు చూస్తుంటాడు. మన హాకీ వేరు, ఆ హాకీ వేరు, కానీ బంతి అయినా, అక్కడ దాని బదులు వాడే పక్ అనే బిళ్ళ అయినా ఎదురు నిలబడేవాడి కష్టం ఒకటే అంటాడు. అమెరికాలో బోస్టన్ బ్రూయిన్స్ అనే జట్టుకి జెరెమీ స్వేమన్ అని ఒక కుర్ర గోలీ. 2023లో జట్టుకీ అతనికీ జీతం కుదరక ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) దాకా పోయింది. ఒక్క ఏడాదికి 34.75 లక్షల డాలర్లు తేల్చారు. ఇలాంటిది ఇంకోసారి వద్దురా బాబూ అనుకున్నాడంట. మరుసటేడు మళ్ళీ బేరం. ఈసారి అతను సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చున్నాడు. సెప్టెంబరులో ప్రాక్టీసు క్యాంపు అతను లేకుండానే జరిగిపోయింది. జట్టు ప్రెసిడెంటు కామ్ నీలీ విలేకరుల ముందు, నేనైతే ఆడటానికి నా దగ్గర 64 మిలియన్ కారణాలు ఉన్నాయి అన్నట్టు మాట్లాడాడు. ఇంత డబ్బు ఇస్తామంటుంటే ఇంకా ఏంది అని దెప్పడం అన్నమాట. ఆ అంకె మాకు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదే అని అతని ఏజెంటు తిరిగి అన్నాడు. చివరికి 2024 అక్టోబరు 6న, జట్టు మొదటి మ్యాచ్ ఇంకా రెండు రోజులుందనగా, ఎనిమిదేళ్ళకి 66 మిలియన్ డాలర్లకి సంతకం పెట్టాడు. మన లెక్కలో ఐదొందల కోట్ల పైమాటే.

"మనం కూడా అట్టా ఆగుదాం మామా" అన్నాడు మావాడు. నాకు మనసులో బ్రహ్మాండంగా అనిపించింది. ఆగినవాడిదే రేటు అనే మాట రొయ్యల వాళ్ళకి కొత్త కాదు గదా. కాకపోతే మాకు ఆగే అదృష్టం ఉండదు. గుంటలో పట్టుబడి (రొయ్యలు పట్టడం) మొదలుపెట్టాక, సరుకు ఐసులో పడ్డాక, కొనేవాడు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయనే లెక్క) ఎక్కువుందని కిలోకి పదిహేను తగ్గించినా నోరు మూసుకోవాల్సిందే.

లోపలికి పిలిచారు. మేడంకి యాభై దాటి ఉంటాయి. నేను మొదలుపెట్టబోయా, "మేడం, స్టైపెండు విషయం..." అని. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపి వాడివైపు తిరిగింది.

"నువ్వు చెప్పు నాన్నా. నీకేం కావాలి అక్కడ?"

వాడు కాసేపు నేల చూశాడు. "మ్యాచ్‌లు మేడం" అన్నాడు.

నిజం చెప్తున్నా, ఆ ప్రశ్న నేను అడగలేదు. వాళ్ళమ్మ అడగలేదు. క్లబ్బువాళ్ళు అసలే అడగలేదు.

తర్వాత ఆమె ఎర్ర పెన్ను తీసి ముప్పావు గంట చదివింది. మధ్యలో రెండు ఫోన్లు వస్తే కట్ చేసింది. ప్రతి పేరా తెలుగులో చెప్పడం, "ఇప్పుడు నీకేం అర్థమైందో నువ్వు చెప్పు" అని వాడితో తిరిగి చెప్పించడం. వాడు తప్పు చెప్తే మళ్ళీ మొదటినుంచి. నాకు విసుగొచ్చింది గానీ, ఇంటికి పోయేసరికి ఆ పదకొండు పేజీలు వాడికి నోటికి వచ్చేశాయి.

అందులో ఏముందో అప్పుడు తెలిసింది నాకు. అయిదేళ్ళు కట్టుబడి, ఆపైన క్లబ్బుకి ఇష్టమైతే ఇంకో మూడేళ్ళు. ఇష్టం వాళ్ళదే, మనది కాదు. వాళ్ళు మాత్రం వారం రోజుల నోటీసుతో వాణ్ణి పంపించేయొచ్చు. వాడు మధ్యలో వస్తే పదిహేను లక్షలు కట్టాలి. దెబ్బ తగిలి అరవై రోజులు ఆడకపోతే స్టైపెండు బంద్. పదేళ్ళపాటు ఆట మీద ఎక్కడ ఏం సంపాదించినా ఇరవై శాతం క్లబ్బుది. టెన్త్ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టాలి. అన్నిటికంటే అడుగున, ఎనిమిదో పేజీలో, మా బావ సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి ఇవ్వాలని. దాని కింద ఆమె గీసిన ఎర్ర గీతకి కాగితం చిరిగింది.

"అబ్బాయి మైనరు. వీడి సంతకం ఎలాగూ చెల్లదు. మీ బావగారి చెక్కు మాత్రం నిజం చెక్కే" అంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో పదకొండో సెక్షను ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడంట. 1903లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికంటే పై కోర్టు) మొహరీ బీబీ కేసులో అలాంటి ఒప్పందం మొదటినుంచే లేనట్టు లెక్క అని చెప్పిందంట. నాకు ప్రాణం లేచొచ్చింది. "మంచిదేగా మేడం, చెల్లకపోతే మావాడు ఎప్పుడైనా వచ్చేయొచ్చు" అన్నా. ఆమె కళ్ళజోడు తీసి, "చెల్లకపోతే మీకూ చెల్లదు సార్" అని 1949 నాటి బొంబాయి హైకోర్టు కేసు ఒకటి చెప్పింది. రాజ్ రాణి అని ఒక మైనరు నటి. వాళ్ళ నాన్నే సినిమా నిర్మాతతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ నిర్మాత మాట తప్పితే డబ్బు కోసం కేసు వేశారు. ఒప్పందమే చెల్లదని కేసు పోయింది. "రేపు వీళ్ళు స్టైపెండు ఎగ్గొడితే ఇదే కాగితం పట్టుకుని మీరెక్కడికి పోతారు?"

ఇంకో ముచ్చట. మా వాడి తరఫున నేను సంతకం పెడతానని ఉత్సాహపడితే, "మీరు మేనమామ. సాక్షి సంతకం పెట్టండి చాలు, తండ్రిని తీసుకురండి" అంది. పెళ్ళికి మధుపర్కాలు తెచ్చేది మేనమామ, అగ్రిమెంటుకి మాత్రం సాక్షి. మా బావ లారీ మీద నాగపూర్ అవతల ఉన్నాడు. సరే.

అసలు సంగతి ఇప్పుడు వస్తుంది. మావాడు ధైర్యం చేసి ఆ స్వేమన్ కథ మేడంకి కూడా చెప్పాడు, మనమూ సంతకం పెట్టకుండా ఆగుదామా అని. ఆమెకి హాకీ అంటే ఏమీ తెలియదు. జట్టుకి పదకొండు మందా అని అడిగింది ఒకసారి. కానీ కథ అంతా విని ఒక్కటే ప్రశ్న వేసింది.

"అప్పుడు వాళ్ళ దగ్గర ఇంకో గోల్‌కీపర్ ఉన్నాడా?"

"లేడు మేడం. ఉల్మార్క్ అని ఒకాయన ఉండేవాడు, జూన్‌లోనే ఒట్టావాకి ఇచ్చేశారు. బదులు ఒకాయన వచ్చాడు గానీ, మెయిన్ కీపరు అంటే స్వేమన్నే."

"అందుకని అతను ఆగగలిగాడు. నిన్ను పిలిచిన క్లబ్బులో ఎంతమంది?"

"ముగ్గురు."

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"మరి నువ్వు ఎప్పుడు ఆడతావు?"

ఫార్వర్డు అయితే మ్యాచ్ మధ్యలోనే మార్చి మార్చి దింపుతారు. కీపరు అలా కాదు. ఒకడు నిలబడితే మిగతావాళ్ళు బయట కుర్చీల్లో నీళ్ళ సీసాలు అందించాలి. ముగ్గురి వెనక నాలుగోవాడుగా అయిదేళ్ళు, ఆపైన వాళ్ళిష్టం మీద మూడేళ్ళు. అంటే ఇరవై అయిదు, ఇరవై ఆరు వస్తాయి. పదకొండు పేజీల్లో "మ్యాచ్" అనే మాట క్లబ్బు జెర్సీ ఎప్పుడు వేసుకోవాలనే చోట తప్ప ఎక్కడా లేదు. నేను వారం రోజులుగా ఫోన్లో గింజుకుంటున్నది పన్నెండుని పదిహేను చేయమని.

ఇరవై శాతం సంగతి కూడా అక్కడే తేలింది. నా తలలో అప్పటికి హాకీ ఇండియా లీగ్ వేలం తిరుగుతోంది. 2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగింది కదా, హర్మన్‌ప్రీత్ సింగ్‌ని సూర్మా హాకీ క్లబ్ 78 లక్షలకి కొనుక్కుంది. మన హైదరాబాద్ తూఫాన్స్ అర్జెంటీనాలో పుట్టిన గొంజాలో పెయా అనే డ్రాగ్ ఫ్లికర్‌కి (పెనాల్టీ కార్నర్లు కొట్టేవాడు) 68 లక్షలు పెట్టింది. ఆ వేలంలో కనీస ధర 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు అని మూడు మెట్లు. చిత్తూరు జిల్లా నుంచి రజని ఇండియా గోల్‌కీపర్ అయిందిగా, మావాడు మాత్రం ఎందుకు కాకూడదు అని నా ఆశ. ఆశ తప్పు కాదు గానీ, మేడం కాలిక్యులేటర్ నా ముందు పెట్టి "రెండు లక్షలకే పోయినా నలభై వేలు వీళ్ళకి. ఆ వేలంలో బేరం ఆడేది జట్లు. మీ అబ్బాయి నోరు తెరవగలిగేది ఇప్పుడే" అంది.

ఇక్కడ ఫీజు గురించి చెప్పాలి. మా దగ్గరికి అంతకుముందే ఒంగోలు నుంచి ఒకాయన వచ్చాడు, ఏజెంటునని చెప్పుకుంటా. పైసా ఇవ్వొద్దు, వచ్చేదాంట్లో పది శాతం ఇవ్వండి చాలు అన్నాడు. అక్క పడిపోయింది ఆ మాటకి. ఈ మేడంని కూడా అలా పర్సంటేజీకి చేయమని అడిగా. వకీలు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, రూలు ఒప్పదు అంది. చదివి చెప్పినందుకు మూడు వేలు, మన తరఫు మార్పులు రాసి ఇచ్చినందుకు రెండు వేలు. మొత్తం అయిదు. రసీదు అడిగితేనే ఇచ్చారు, అది కొంచెం నచ్చలేదు. ఇరవై ప్లస్ పది, ముప్పై శాతం పోయేదాని పక్కన పెట్టి చూస్తే ఈ అయిదు వేలు నా గుంటలో ఒక పూట మేత ఖర్చు కూడా కాదు.

బేరం ఆమె చేయదు. ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి. ఫోన్ చేసి మాట్లాడండి మేడం అంటే, "నేను మాట్లాడితే వాళ్ళు వాళ్ళ లాయరుని తెస్తారు, మూడు నెలలు పడుతుంది, మీరు మాట్లాడండి" అని ఒక కాగితం చేతిలో పెట్టింది. ఏది ముందు అడగాలి, ఏది చివర వదిలేయాలి అని. స్టైపెండు అన్నిటికంటే కింద ఉంది. నాకైతే అదే పై లైను.

క్లబ్బు మేనేజరు మొదటి రోజు మర్యాదగా మాట్లాడాడు. రెండో రోజు హిందీలోకి దిగాడు. మూడో రోజు "శుక్రవారం లోపల సంతకం రాకపోతే వేరే అబ్బాయిని చూసుకుంటాం" అన్నాడు. పట్టుబడి రోజు లారీ పెట్టుకుని నిలబడే కొనుగోలుదారు గొంతు అది, నాకు బాగా తెలుసు. శుక్రవారం ఉదయం నుంచి ఆఫీసుకి ఆరుసార్లు ఫోన్ చేశా. ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో టెన్షన్. మా అక్క నామీద విరుచుకుపడింది, "నీ బేరాలతో పిల్లోడి బతుకు చెడగొడుతుండావు" అని. చేపల పులుసు పెట్టుకుని ముగ్గురం ముద్ద ముట్టలేదు. రాత్రి తొమ్మిదికి జూనియర్ నుంచి మెసేజీ: మేడం హైకోర్టు పని మీద అమరావతి వెళ్ళారు, గడువు పెట్టింది వాళ్ళు, మీరు కాదు, కంగారు పడొద్దన్నారు. ఆ మాట ఉదయం పదికి వచ్చుంటే ఆ పులుసు తినేవాళ్ళం. ఇలాంటి పని చేసే ఆఫీసులో ఒక మనిషి ఫోన్ దగ్గర ఉండాలి. సగం స్టారు ఇక్కడ పోయింది.

సోమవారం మధ్యాహ్నం క్లబ్బు నుంచే ఫోన్ వచ్చింది.

కుదిరింది ఇది. అయిదేళ్ళ బదులు రెండేళ్ళు, ఆ పైన మూడేళ్ళ మాట లేదు. సీజనులో కనీసం ఎనిమిది అఫీషియల్ మ్యాచ్‌లలో దింపకపోతే వాడు పైసా కట్టకుండా వచ్చేయొచ్చు. దీని మీద వాళ్ళు నాలుగు అన్నారు, మేము పన్నెండు అన్నాం. మధ్యలో వస్తే కట్టాల్సింది బిల్లులు చూపించిన ఖర్చు మాత్రమే, అదీ లక్షన్నరకి మించకుండా. పదిహేను లక్షలు రాసినంత మాత్రాన కోర్టు మొత్తం ఇప్పించదు, డెబ్బై నాలుగో సెక్షను కింద సబబైనంతే అని మేడం చెప్పింది గానీ, కోర్టు దాకా పోయేవాళ్ళం ఎవరం? దెబ్బ తగిలితే వైద్యం వాళ్ళదే, ఆరు నెలలు స్టైపెండు ఆగదు. ఇరవై శాతం అయిదుకి వచ్చింది, అదీ ఆ రెండేళ్ళే. సర్టిఫికెట్లు జిరాక్సులు ఇచ్చాం. చెక్కు లేదు. పన్నెండు వేలు పన్నెండు వేలుగానే ఉంది, రూపాయి పెరగలేదు. తగాదా వస్తే పంచాయితీ వాళ్ళ ఊళ్ళోనే, కాకపోతే మధ్యవర్తిని ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి. అది కూడా మన జిల్లాకి తెద్దామని చూశా, కుదరలేదు.

మావాడికి పద్దెనిమిది నిండేది ఏప్రిల్లో. అప్పటిదాకా మా బావ పేరు మీద చిన్న లెటరు, ఏప్రిల్లో వాడే సొంతంగా కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి. పాతదాన్ని ఒప్పుకుంటున్నా అని కింద గీకితే సరిపోదంట, మళ్ళీ మొదటినుంచి రాసుకోవాల్సిందే.

ఇక ఆ అంకె. సంతకాల రోజు మా బావ నాగపూర్ నుంచి నేరుగా వచ్చాడు, రెండు రాత్రుళ్ళు నిద్ర లేదు, చేతికి గ్రీజు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పెన్ను పెట్టబోతుంటే మావాడు "ఆగు నాన్నా" అన్నాడు. రెండో లైనులో వాడి పుట్టిన సంవత్సరం 2008 బదులు 2007 అని ఉంది. జూనియర్ అబ్బాయి టైపింగు. ఆ ఒక్క ఏడుతో మావాడు కాగితం మీద అప్పటికే మేజరు. ఇంత తతంగం ఎందుకు చేశామో దానికే గండి. మేడం ముఖం ఎర్రబడింది. కొత్త స్టాంపు కాగితం డబ్బులు ఆమే పెట్టుకుంది, గంటలో మళ్ళీ కొట్టించింది, "తప్పు మాదే" అని మా బావతో రెండుసార్లు అంది. నెల్లూరులో ఆ మాట వినడం తక్కువే. అయినా ఆ మిగతా సగం స్టారు కూడా వెనక్కి తీసుకున్నా. పట్టుకుంది ఆఫీసు కాదు, పదిహేడేళ్ళ పిల్లోడు. అంతసేపు ప్రతి పేరా వాడితో తిరిగి చెప్పించింది ఆమే గాబట్టి పట్టుకున్నాడు అని మా బావ వాదిస్తాడు. ఆయన అయిదు స్టార్లు ఇమ్మన్నాడు. రివ్యూ రాస్తున్నది నేను.

థ్యాంక్స్ చెప్పడానికి మలై కాజా డబ్బా తీసుకెళ్తే వరండాలో నిలబడ్డవాళ్ళందరికీ పంచమంది. వాళ్ళలో ఒకాయన, కోవూరు రైతు, "ఏంది సామీ, కేసు గెలిచారా?" అని అడిగాడు. కేసు లేదు, ఆట అని చెప్తే వింతగా చూసి రెండో కాజా తీసుకున్నాడు.

వెళ్ళేవాళ్ళు ఐదుంబావుకల్లా వెళ్ళి జూనియర్‌కి ముఖం చూపించండి. ఒరిజినల్స్ మోసుకుపోవద్దు, జిరాక్సులు చాలు. సంతకం పెట్టాల్సిన పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళండి, పెద్దవాళ్ళు మాత్రమే వస్తే ఆమె కాగితం తెరవదు. మేము ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళాలి. మావాడు ఇప్పటికి మూడు మ్యాచ్‌లు ఆడాడు, లెక్క గోడ మీద క్యాలెండర్లో మా అక్క రాసుకుంటోంది.